టైల్స్ కింద లాంగ్‌టర్మ్

లెవెల్ మేస్త్రి దాచిన బంగారం ఎక్కడుందో లెవెల్ మేస్త్రికే తెలియదు. తెలియదన్న సంగతి ఆయనకు తెలిసి రెండేళ్లయింది. ఆయన భార్యకు ఇంకా తెలియలేదు. ఆ ఇంట్లో సంసారం కాస్తో కూస్తో ప్రశాంతంగా నడుస్తోందంటే కారణం అదొక్కటే.

మేస్త్రి పని టైల్స్ పరచడం. అసలు పేరు ఇంటిపన్ను కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినపడదు. జేబులో ఎప్పుడూ ఒక చిన్న లెవెల్ ఉంటుంది, అదే, గాజు గొట్టంలో బుడగ అటూ ఇటూ జరిగే పనిముట్టు. టీ కొట్టుకు వెళ్తే ముందు దాన్ని బల్ల మీద పెడతాడు. బుడగ మధ్యలోకి రాకపోతే కొట్టువాడికి చెప్తాడు. కొట్టువాడు విసుక్కుంటాడు. అప్పుడుగానీ ఈయనకు టీ రుచించదు.

ఆయన పరిచిన నేలలో డొల్ల ఉండదు. టైలు కింద సిమెంటు పూర్తిగా నిండకపోతే అక్కడ గాలి మిగిలిపోయి, వేలితో కొట్టినప్పుడు ఖాళీ డబ్బాలా మోగుతుంది. ఆ మోత వింటే మేస్త్రికి ఒళ్లు మంట. బ్యాంకులో ఖాతా తెరుద్దువుగాని రమ్మని బావమరిది ఒకసారి బలవంతాన లాక్కెళ్తే, మేనేజరు గది ముందు ఆగి మడమతో రెండు పోట్లు పొడిచి చూశాడు. డొల్ల. "నేలే ఇలా ఉంది, ఇక వీళ్ల మాట గట్టిగా ఉంటుందంట్రా?" అని అటునుంచి అటే బంగారం కొట్టుకు వెళ్లి ఒక బిళ్ల కొన్నాడు. మేనేజరు పాపం అప్పటికే ఇద్దరికీ టీ చెప్పి ఉన్నాడు.

అప్పట్నుంచి అదే వరస. పెద్ద పని ఒకటి ముగిసి డబ్బు చేతికి వస్తే చాలు, అది ఇంటి గుమ్మం తొక్కేలోపే బంగారం బిళ్ల అయిపోయేది. డబ్బు చాలకపోతే వెండి కడ్డీ. ఇంటికి తెచ్చి భార్య అరచేతిలో పెట్టి, "బరువు చూడు" అనేవాడు. ఆమె చూసేది. వేళ్లు ముడిచేలోపే వెనక్కి తీసుకుని బిస్కెట్ల డబ్బాలో వేసి తాళం పెట్టేవాడు. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆమె చెవులకి ఏమైనా చేయించమని అడిగింది. మేస్త్రి చాలా ఓర్పుగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

"నగ చేయిస్తే తరుగంటారు, మజూరీ అంటారు. తరుగంటే ఏంటో తెలుసా? మనకి ఇవ్వని బంగారానికి మన దగ్గర డబ్బు తీసుకోవడం. బిళ్లయితే ఆ గొడవ లేదు. ఇది లాంగ్‌టర్మ్."

"లాంగ్‌టర్మ్ అంటే ఎన్నాళ్లండీ?"

"అలా అడిగితే అది లాంగ్‌టర్మ్ ఎలా అవుతుంది?"

బావమరిది మాత్రం ఈ సిద్ధాంతానికి బద్ధ వ్యతిరేకి. అతను ఎలక్ట్రీషియన్. ఒక చేత్తో టెస్టర్, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని నిచ్చెన ఎక్కుతాడు. ఫోన్‌లో షేర్లుంటాయి. అవి ఆకుపచ్చగా ఉన్న రోజు అక్క ఇంటికి పండ్లు తెస్తాడు, ఎర్రగా ఉన్న రోజు అక్క ఇంటికి భోజనానికి వస్తాడు. భోజనానికే ఎక్కువసార్లు వచ్చాడు. "బంగారమే కావాలంటే ఫోన్‌లోనే కొనొచ్చు బావా, దాచుకునే బాధ ఉండదు" అని ఒకసారి సలహా ఇవ్వబోతే మేస్త్రి చెయ్యడ్డం పెట్టాడు. "ఫోన్‌లో బంగారం, ఫొటోలో భోజనం రెండూ ఒకటేరా. నాకు చేతికి బరువు తగలాలి." బావమరిది ఆ రోజు నిజం భోజనమే తింటున్నాడు కాబట్టి ఎదురు చెప్పలేదు.

నాలుగేళ్ల కిందట మేస్త్రి సొంత ఇంటి నేల తీసేసి కొత్త టైల్స్ వేశాడు. భార్య తన అక్కకి ఒంట్లో బాగోలేక సాయానికి వెళ్లిన రోజులవి. బిస్కెట్ల డబ్బాలో బరువు పెరిగి మూత పట్టడం లేదు. బీరువా అంటే దొంగలకు ఆహ్వాన పత్రిక. అందుకని మేస్త్రి ఒక చోట నేలలో గుంట తవ్వి, బిళ్లలూ కడ్డీలూ ప్లాస్టిక్ డబ్బాలో సర్ది, సందుల్లో ఇసుక దట్టించి, పైన ఇనప జాలీ పరిచి, సిమెంటు నింపి టైలు వేశాడు. రబ్బరు సుత్తితో నాలుగు మూలలా కొట్టి విన్నాడు. గట్టి మోత. చుట్టూ ఉన్న టైల్స్‌కీ దానికీ వెంట్రుకవాసి తేడా లేదు. తన పనికి తనే మురిసిపోయాడు.

చిక్కల్లా ఆ తర్వాతే వచ్చింది. ఇంట్లో అడుగు పెట్టగానే మేస్త్రి కళ్లు నేరుగా ఆ టైలు మీదికే పోయేవి. ఎవరైనా కనిపెట్టేస్తారని భయం పట్టుకుంది. దాంతో కళ్లకి శిక్షణ మొదలెట్టాడు. చూపు అటు పోబోతే చాలు, తల పైకెత్తి ఫ్యాను చూసేవాడు. ఆ రోజుల్లో భార్య ఆయనకి మెడనొప్పి అనుకుని రెండుసార్లు మందు కూడా రాసింది. పట్టుదల గల మనిషి, చేసే పని ఏదైనా అరకొరగా చెయ్యడు. ఏడాది తిరిగేసరికి చూపు అటు పోవడం మానేసింది. ఇంకో ఏడాదికి మనసు కూడా మానేసింది. ఒక రోజు పళ్లు తోముకుంటూ, అవునూ ఇంతకీ ఏ టైలు అది, అనుకున్నాడు. జవాబు రాలేదు. బ్రష్షు నోట్లో పెట్టుకునే ఇల్లంతా తిరిగొచ్చాడు. ఎక్కడ చూసినా ఒకటే తెల్లదనం, ఒకటే నునుపు. ఆ రోజు ఆయనకి టిఫిను సయించలేదు.

అప్పట్నుంచి ఇంట్లో బంగారం మాట వస్తే చాలు, మేస్త్రి మార్కెట్ పండితుడైపోయేవాడు. ఫ్రిజ్ పాడైంది, ఒక బిళ్ల తీయండి అని ఆమె అంటే, "రేటు పెరుగుతోంది, పెరిగేటప్పుడు ఎవరైనా అమ్ముతారా?" పైకప్పు కారుతోంది అంటే, "రేటు పడిపోయింది, ఇప్పుడమ్మితే మునుగుతాం." ఇంకోసారి రేటు అటూ ఇటూ కదలకుండా ఉంటే, "కదలకుండా ఉందంటే ఏదో పెద్ద కదలికే రాబోతోంది, ఆగు."

"పెరిగితే అమ్మకూడదు, తగ్గితే అమ్మకూడదు, ఊరికే ఉంటే అమ్మకూడదు. మరి కొన్నదెందుకండీ, ధైర్యానికా?" అందామె.

"నీకు అర్థం కాదులే" అన్నాడు మేస్త్రి. ఆయనకూ అర్థం కాలేదు.

ఆమె దర్జీ. ముందుగదిలో మిషను, గోడకి హ్యాంగర్లు, తలుపు వెనక అద్దం. కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు వేసుకుని చూసుకోవాలంటే వంటింట్లోకి వెళ్లి తలుపేసుకోవాలి. కొత్త గౌను వేసుకున్నావిడ ఒళ్లంతా పోపు వాసనతో బయటికొచ్చేది. పొయ్యి మీద పాలు పెట్టి ఉన్న సంగతి లోపలున్నవాళ్లు గట్టిగా అరిచి చెప్పేవాళ్లు. ఈ మధ్యే ఒకావిడ లోపలుండగా మేస్త్రి మంచినీళ్ల కోసం మామూలుగా తలుపు తోసుకుని వెళ్లాడు. ఆవిడ పెట్టిన కేకకి పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఆవిడ మళ్లీ రాలేదు, ఆవిడ చెల్లెళ్లు ముగ్గురూ కూడా మానేశారు.

అందుకే వీధి చివర మందుల షాపు ఖాళీ అవుతోందని తెలియగానే ఆమె చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ఓనరమ్మ దగ్గరికి పరుగెత్తింది. ఓనరమ్మ మంచి మనిషే కానీ మొహమాటం లేని మనిషి. సెల్‌ఫోన్లు అమ్మే కుర్రాడొకడు అడ్వాన్సు పట్టుకుని తిరుగుతున్నాడని, సోమవారం మధ్యాహ్నం దాకా ఆగుతానని, ఆ తర్వాత ఆగనని చెప్పింది. ఆమె ఇంటికొచ్చి, మేస్త్రి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. ఆమె ఎదురుగా కూర్చుని మాట్లాడిందంటే విషయం పెద్దదని మేస్త్రికి తెలుసు.

"బంగారం తీయండి" అంది.

"అదీ... రేటు ఇప్పుడు..."

"రేటు సంగతి నాకు చెప్పకండి. ముందొక ట్రయల్ రూము, అద్దం, నా పేరుతో బోర్డు. ఎన్నేళ్ల నుంచి అడుగుతున్నాను? సోమవారానికి షాపు చేతికి రాకపోతే మిషను అమ్మేసి రెడీమేడ్ ఫ్యాక్టరీకి పోతాను. వాళ్ల వ్యాను పొద్దున్నే మన సందు చివరికే వస్తుంది. రోజంతా కాలర్లు కుట్టొచ్చి పడుకుంటాను. మీ లాంగ్‌టర్మ్ మీరు చూసుకోండి."

ఆమె అరవలేదు. అరిచి ఉంటే మేస్త్రికి కాస్త ధైర్యంగా ఉండేది. ఆ మిషను చప్పుడు లేని ఇల్లు ఆయనెప్పుడూ ఎరగడు.

శుక్రవారం ఆమె లైనింగు బట్ట కొనడానికి బజారుకి వెళ్లగానే మేస్త్రి తలుపేసి, నాలుగు కాళ్ల మీద వంగి, చేతిలో నాణెంతో టైలు టైలూ కొట్టుకుంటూ బయలుదేరాడు. ముందుగది, నడవా, పడగ్గది. టక్, టక్, టక్. ఎక్కడా డొల్ల లేదు. పది టైల్స్ అయ్యాక భయం మొదలైంది. ఇరవై అయ్యాక, ఇంత దిగులులోనూ, ఛాతీ కొద్దిగా పొంగింది. ఒక్కటంటే ఒక్కటి! నాలుగేళ్లయినా! ఎవడు వేస్తాడు ఇలాంటి నేల? ఈ ప్రశ్నకి జవాబు గుర్తొచ్చి మళ్లీ నీరుగారిపోయాడు.

తర్వాత గోడకి ఆనుకుని కూర్చుని బుర్రతో వెతికాడు. మూలల్లో పెట్టి ఉండను, దొంగలు ముందు మూలలే చూస్తారు. గది మధ్యలో పెట్టను, అందరూ నడిచే చోటు. మంచం కింద పెట్టను, అది ఎవడైనా ఊహిస్తాడు. వంటింట్లో అసలు పెట్టను, తడి. ఇలా తనంత తెలివైనవాడు ఎక్కడెక్కడ పెట్టడో ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వస్తే, బంగారం ఆ ఇంట్లో ఎక్కడా లేదని తేలింది. చేసేదిలేక బావమరిదికి ఫోన్ చేశాడు. గోడలో వైర్లు ఎక్కడున్నాయో చెప్పే మిషను అతని దగ్గరుంది. ఇనుమైనా రాగైనా కూస్తుంది. "మీ అక్కకి తెలియకూడదు, నెమ్మదిగా రా" అని పదేపదే చెప్పాడు.

బావమరిది నెమ్మదిగానే వచ్చాడు. ఎంత నెమ్మదిగా అంటే, అప్పటికి అక్క బజారు నుంచి తిరిగొచ్చి, వంటింట్లో ఒక టీచరమ్మకి గౌను అంచు పట్టీలు గుచ్చుతోంది. పెదాల మధ్య గుండుసూదుల వరస. అతను వీధిలోంచే, "బావా! మిషను తెచ్చా! బంగారం ఏ టైలు కింద మరిచిపోయావో ఇవాళ తేలిపోవాలి!" అని కేకేస్తూ లోపలికొచ్చాడు.

ఆమె గుండుసూదుల్ని పెదాల మధ్య నుంచి ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకి గుచ్చింది. ఎన్ని ఉంటే అన్నీ. మేస్త్రి ఫ్యాను వంక చూశాడు. టీచరమ్మ, పట్టీలు సగమే అయిన గౌనుతోనే, మళ్లీ వస్తానని చెప్పి వెళ్లిపోయింది.

"మరిచిపోయారా?" అంది ఆమె.

మేస్త్రి మొత్తం చెప్పాడు. గుంట, ఇసుక, జాలీ, ఫ్యాను, పళ్లు తోముకున్న రోజు. చెబుతుంటే ఆయనకే ఇది ఎవరూ నమ్మే కథలా అనిపించలేదు. ఆమె విని తలూపింది.

"అమ్మేశారు కదా?"

"లేదు! ఒట్టు!"

"వీడి షేర్లలో పెట్టారు కదా? ఏరా, నీకిచ్చారా?"

"నాకా? అక్కా, నాకే ఉంటే ఇక్కడికి భోజనానికెందుకొస్తా?" అన్నాడు బావమరిది, ఏడుపొక్కటే తక్కువగా.

"కొనడం చూశాను, దాచడం చూడలేదు" అంది ఆమె మేస్త్రితో. "నాకు తెలిసింది అంతే. రెండేళ్లుగా మీరు నాకు రేట్లు చెప్పారు. ఇప్పుడు కథ చెప్తున్నారు. ఏదో ఒకటి పోగొట్టుకుని ఉంటారు, చెప్పడానికి మొహం చెల్లలేదు. పోతే పోయిందని చెప్పండి, ఏడ్చి ఊరుకుంటాను. ఇలా వెర్రిదాన్ని చెయ్యకండి."

దొంగ అన్నా మేస్త్రి పడేవాడు, పిసినారి అన్నా పడేవాడు, రెండూ ఇంతకుముందు అన్నవే. తను వేసిన నేల కింద ఏమీ లేదని, పైపై నునుపే తప్ప లోపల ఖాళీ అని సొంత భార్య అనుకోవడం మాత్రం గుండెల్లో గుచ్చుకుంది. లేచి వెళ్లి ఉలి, సుత్తి, కటింగ్ మిషను తెచ్చాడు.

బావమరిది మిషను ముందుగా ప్రయత్నించారు. అది గుమ్మంలో పెట్టగానే కూసింది. నడవాలో కూసింది. పడగ్గదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఆపకుండా కూసింది. నేల బీటలివ్వకూడదని ఇల్లంతా ఇనప జాలీ పరిచిన సంగతి మేస్త్రికి అప్పుడు గుర్తొచ్చింది. బావమరిది మిషను ఆపి చంకలో పెట్టుకుని, ఇక తన వల్ల కాదని ఒప్పుకుని, అన్నం తిని వెళ్లాడు.

ఇక పగలగొట్టడమే మిగిలింది. ఆ నేలంటే మాటలు కాదు. కొత్త గిరాకీలు వస్తే మేస్త్రి ముందు ఇంటికే తీసుకొచ్చేవాడు. చెప్పులు విప్పించి నడిపించేవాడు. బుగ్గ ఆనించి చూడమనేవాడు, కొందరు చూసేవాళ్లు కూడా. ఇప్పుడా టైల్స్‌ని పగలకుండా తీద్దామని సందుల్లో సిమెంటుని మిల్లీమీటరు లెక్కన కోస్తూ, ఒక్కో దాన్ని పసిపాపని ఎత్తినట్టు ఎత్తి గోడకి చేరేస్తూ, శనివారం సాయంత్రానికి ముందుగది సగం చేశాడు. ఇల్లంతా తెల్లటి దుమ్ము. జాలీ కింద మట్టి, మట్టి కింద మట్టి. ఆమె మిషను మీద దుప్పటి కప్పి, టైలు లేచిన ప్రతిసారీ వచ్చి లోపలికి తొంగిచూసి, ఏమీ అనకుండా వెళ్లేది. ఏమీ అనకుండా వెళ్లడం మొదట్లో నయమే అనిపించింది మేస్త్రికి. తర్వాత్తర్వాత అదే భరించలేకపోయాడు.

ఆదివారం పడగ్గది, నడవా అయ్యాయి. ఏమీ లేదు. మేస్త్రి మట్టికుప్ప మీద కూర్చుండిపోయాడు. తను నిజంగానే అమ్మేశాడేమో, అది కూడా మరిచిపోయాడేమో అన్న అనుమానం మొదటిసారి ఆయనకే కలిగింది.

"వంటిల్లు మిగిలింది" అంది ఆమె.

"వంటింట్లో పెట్టనే. తడి. నాకు బాగా తెలుసు."

"మీకు బాగా తెలిసినవన్నీ తవ్వేశాం. లేవండి."

"అది కాదు, అక్కడ టైల్స్ ఏటవాలుగా కోసి వేశా, డైమండ్ కట్టింగ్. మూలలు కలపడానికే నాకు మూడు..."

ఆమె ఆయన చేతిలోంచి సుత్తి లాక్కుంది. వంటింట్లోకి వెళ్లి, చీర కుచ్చెళ్లు దోపుకుని, సరిగ్గా తను నిలబడ్డ చోట ఒక్కటేసింది. టైలు నక్షత్రంలా విచ్చుకుంది. మేస్త్రి కళ్లు మూసుకున్నాడు. ఇంకొకటి. ఇంకొకటి. టైలుతో పాటు ఆమె ఎన్నేళ్ల నుంచో మింగుతున్న మాటలు కూడా బయటికొచ్చాయి. ఫ్రిజ్ పేరు చెప్పి ఒక దెబ్బ, పైకప్పు పేరు చెప్పి ఒక దెబ్బ, గౌనావిడ ముగ్గురు చెల్లెళ్ల పేరున తలా ఒకటి. మేస్త్రి అడ్డుపడలేదు. మూడో చెల్లెలి దెబ్బకి సిమెంటు పెళ్ల లేచి, వంగిన జాలీ కింద నీలం రంగు ప్లాస్టిక్ కనిపించింది.

ఇద్దరూ మోకాళ్ల మీద కూలబడి చేతులతో తవ్వారు. మూత చిట్లింది, ఇసుక చెమ్మగిల్లింది, వెండి నల్లగా మాడిన చపాతీపెనంలా ఉంది. బంగారానికి ఏమీ కాలేదు. తుడవకుండానే మెరిసింది.

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. "చూశావా! ఉంది! చెప్పానా లేదా!" అని ఎగిరాడు. "వంటిల్లు ఎందుకు తట్టిందంటే, దొంగ కూడా నాలాగే తడి అనుకుంటాడని..."

ఆమె వినడం లేదు. ఆ గుంట వంకే చూస్తోంది. గౌన్లు వేసుకుని చూసుకునే ఆడవాళ్లని ఆమె నిలబెట్టేది అక్కడే. వాళ్ల కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని అంచులు గుచ్చింది దాని మీదే. "ఇంత దగ్గర" అంది, తనలో తను. కొంగుతో మొహం తుడుచుకుంటే దుమ్మూ కన్నీళ్లూ కలిసి మొహమంతా బురదయింది. మేస్త్రి ఎగరడం ఆపేశాడు.

సోమవారం కొట్టు తెరిచే వేళకి ఇద్దరూ బంగారం కొట్టులో ఉన్నారు. మేస్త్రి అప్పటికే తేరుకున్నాడు, పైగా దారిలో ఒక ప్లాను కూడా వేసుకున్నాడు. షాపు యజమాని బిళ్లల్ని గీటురాయి మీద గీసి చూస్తుంటే, మేస్త్రి భార్య చెవి దగ్గర వంగాడు.

"అడ్వాన్సుకి సగం చాలు. మిగతాది ఉంచుదాం. ఇంకో ఐదారేళ్లు ఆగితే..."

"నేను మొదటిసారి షాపు అడిగినప్పుడు నాకెన్నేళ్లు?" అంది ఆమె.

"అదేంటి ఇప్పుడు?"

"చెప్పండి."

మేస్త్రి ఆలోచించాడు. ఆమె వయసు ఆయనకెప్పుడూ గుర్తుండదు, రేట్లయితే ఏ ఏటివైనా గుర్తే. "నువ్వడిగిన ఏడాది రేటు ఒక్కసారిగా పడింది. ఆ పడినప్పుడే వెండి వదిలేసి జంటగా రెండు బిళ్లలు కొన్నా. నువ్వు ఆ డబ్బే కదా అడిగావు. అది ఆ స్కూలు బిల్డింగు పని అయిన ఏడాది. అంటే..." వేళ్లు ముడిచాడు. "ముప్పై రెండు."

"ఇప్పుడు?"

మళ్లీ వేళ్లు ముడవడం మొదలెట్టాడు. ఒక చెయ్యి అయిపోయింది. రెండోది అయిపోయింది. మళ్లీ మొదటి చేతికొచ్చాడు. అక్కడ ఆగి, ఆమె వంక చూశాడు. ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, వాటికి దారంతో కట్టిన ముడి, సూది పట్టి పట్టి అరిగిన బొటనవేలు. రోజూ చూస్తున్న మనిషే. ఆయన ఇన్నాళ్లూ రేటు చూస్తూ కూర్చున్నాడు, ఆమె ఆ ఏళ్లన్నీ మిషను ముందు ఒంటరిగా కూర్చుని కుట్టుకుంటూ ఉంది. లెక్క పూర్తి చెయ్యకుండానే చేతులు దించేశాడు. సిగ్గేసింది.

యజమాని కాలుక్యులేటరు మీద వేళ్లాడించి, అంకె వాళ్ల వైపు తిప్పి చూపించాడు. వెండికి పట్టిన నలుపుకి కొంత కోశాడు, అయినా పెద్ద అంకే. "బ్రహ్మాండం మేస్త్రీ! ఎన్ని రెట్లయిందో చూడు. అందరూ రేపో మాపో అమ్మేసుకునేవాళ్లే. ఇన్నేళ్లు కదపకుండా కూర్చోవాలంటే ఎంత ఓపిక ఉండాలి!" అన్నాడు.

ఆ మాట ఎవరో ఒకరు, భార్య వినేలా, గట్టిగా అనాలని మేస్త్రి పెళ్లయినప్పట్నుంచీ ఎదురుచూశాడు. ఇప్పుడు అన్నారు. ఆమె విన్నది కూడా.

"ఓపిక నాది కాదండీ" అన్నాడు మేస్త్రి. "ఆవిడది."

అని, చొక్కా లోపలి జేబులోంచి ఒక కాగితం పొట్లం తీసి త్రాసు పక్కన పెట్టాడు. విప్పితే మూడు బిళ్లలు. ఆమె వాటిని చూసింది, మొగుణ్ణి చూసింది.

"ఇంకెక్కడైనా ఉన్నాయా?"

మేస్త్రి కాసేపు ఫ్యాను వంక చూశాడు. తర్వాత స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని, వంగి, ఎడమ బూటు తాడు విప్పడం మొదలెట్టాడు.